మా పక్కింటి రష్యన్ ముఠా

శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి, ప్రసాదం నోట్లో వేసుకుని, నేను టీవీ ముందు కూర్చుని మనుషులు ఒకర్నొకరు చంపుకోవడం చూస్తాను. ఈ అలవాటు నాకు యాభై ఆరో ఏట పట్టుకుంది. అలాగని ఏ హత్యలైనా చూసే మనిషిని కాను. రష్యన్ గ్యాంగ్‌స్టర్లు ఉండాలి, నెత్తురు పారాలి, కడుపు చెక్కలయ్యేలా నవ్వు రావాలి. ఈ మూడూ ఒకే చోట దొరికే సినిమాలు ప్రపంచంలో ఇన్ని ఉన్నాయని ఉద్యోగం పోయేదాకా నాకు తెలియదు.

ఉద్యోగం పోయినందుకు బాధపడ్డానని అబద్ధం చెప్పను. ఇరవై రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఇతరుల తప్పులు వెతికి వెతికి విసిగిపోయాను. లేఆఫ్ అన్న రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి శుభ్రంగా నిద్రపోయాను. అసలు కష్టం తర్వాత మొదలైంది. అమ్మాయి చదువు ముగించి రెడ్‌మండ్‌లో ఉద్యోగంలో చేరింది. మా ఆయన పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళిపోతారు. మేముండే ఈ టెక్సస్ ప్లేనోలో తెలుగువాళ్ళకు కొదవ లేదు కానీ, ఎవరింటికి వెళ్ళాలన్నా ముందు మెసేజ్ పెట్టాలి, వాళ్ళు క్యాలెండర్ చూసుకోవాలి, ఆ తర్వాత కారు తియ్యాలి. గుమ్మంలో నిలబడి ఊరికే మాట్లాడే మనిషి ఒక్కరు కూడా లేరు. పగలంతా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఒక స్నేహితురాలు కావాలని ఆ వయసులో ఎవరితోనైనా అనాలంటే సిగ్గేసింది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఏదో వంటల కార్యక్రమం వెతుకుతూ పొరపాటున ఒక రష్యన్ సినిమా పెట్టాను. ముగ్గురు గూండాలు ఒక బక్క గుమాస్తాను చంపడానికి అతనింటికి వెళ్తారు. అత్తగారు తలుపు తీసి, భోజనాల వేళకు వచ్చారు, తినకుండా కదలడానికి వీల్లేదంటుంది. అన్నం పెట్టే బల్ల దగ్గర చంపడం మర్యాద కాదని వాళ్ళు కూర్చుంటారు. ఆవిడ వడ్డిస్తూనే ఉంటుంది. అందరూ ముగిస్తే తన పని కూడా ముగుస్తుందని గుమాస్తాకు తెలుసు. అందుకని ఒక్కొక్క ముక్కా నములుతూ పొద్దుగూకేదాకా లేవడు. చివరికి తిన్నది ఎక్కువై ఒక గూండా బెల్టు వదులు చేసుకోబోతే నడుముకున్న తుపాకీ పేలి అతనే పోతాడు. పోతూ పోతూ, ఊరగాయ దోసకాయల్లో ఉప్పు సరిపోయిందని అత్తగారిని మెచ్చుకుంటాడు.

మా వైపు పంక్తి భోజనాల్లోనూ అంతే. ఆఖరి మనిషి ముగించేదాకా ఎవరూ విస్తరి ముందు నుంచి లేవరు. ఆ ముగ్గురు హంతకులూ నాకు దూరపు చుట్టాల్లా కనిపించారు. నేను నవ్విన నవ్వుకు మా ఆయన మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చి, "ఏంటే, పడ్డావా?" అని అడిగారు.

ఆయనది భీమవరం. చేపల పులుసు తప్ప ఎర్రటిదేదీ చూడలేరు. నేను సినిమా చూస్తున్నంతసేపూ వంటింట్లో నిలబడి, చావులు అయ్యాయా అని అడుగుతుంటారు. నాది కడప జిల్లా. అందుకని నాకివంటే లెక్క లేదని ఆయన నమ్మకం. పార్టీల్లో కూడా అదే చెబుతారు. మా ఆవిడది ఫ్యాక్షన్ ఫ్యామిలీ అండీ, నేను ఇంట్లో చాలా జాగ్రత్తగా మసలుకుంటాను అంటారు. అందరూ నవ్వుతారు, నా వంక కాస్త భయంగా చూస్తారు.

ఆ ఫ్యాక్షన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పదిహేడేళ్ళప్పుడు విశాఖపట్నంలో హాస్టల్లో చేరిన మొదటి రోజే ఒకమ్మాయి, మీ ఇంట్లో బాంబులు ఎక్కడ పెడతారని నన్ను అడిగింది. మా ఇంట్లో నాన్న కొట్టుకు వచ్చిన బట్టల మూటలు తప్ప ఏమీ ఉండవని చెప్పాను. నమ్మలేదు. నెల రోజులు అందరికీ విడివిడిగా చెప్పాను, ఎవరూ నమ్మలేదు. పేపర్లో మా జిల్లా పేరు కనిపిస్తే చాలు, నా మంచం దగ్గరికి తెచ్చి చూపించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ హాస్టల్లో నీళ్ళకు మహా ఇబ్బందిగా ఉండేది. నా బకెట్ రోజూ ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవాళ్ళు. ఒక రోజు పొద్దున పరీక్షకు వెళ్ళాల్సిన వేళకు బకెట్ కనిపించలేదు. నేను వరండాలో నిలబడి, మా మేనమామ వెనక నలభైమంది మనుషులున్నారని, ఆయన మంచం కింద ఉండేది ట్రంకు పెట్టె కాదని గట్టిగా చెప్పాను. పది నిమిషాల్లో బకెట్ వచ్చింది. నీళ్ళతో సహా వచ్చింది. చదువు పూర్తయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మా మేనమామ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మీసం మాత్రం భయంకరంగా ఉండేది. పెళ్ళిలో ఆ మీసం చూసి, ఎవరి ద్వారానో హాస్టల్ కథ విని, మా అత్తగారు నాతో చివరిదాకా మెల్లగానే మాట్లాడారు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు వచ్చాయి, సుమోలు గాల్లోకి లేచాయి, నేను సముద్రం దాటి వచ్చినా అందరూ బాంబుల గురించే అడిగారు. అడిగినవాళ్ళ మీద కోపం. కాదని చెప్పలేని నా మీద ఇంకా కోపం. మన సినిమాల్లో వేటకొడవలి కనిపిస్తే ఇప్పటికీ టీవీ కట్టేస్తాను. రష్యన్లయితే హాయి. వాళ్ళలో మా ఊరివాళ్ళెవరూ ఉండరు.

కిందటేడు మార్చి ఆఖర్లో గాలివాన వచ్చి, పక్కింటికీ మాకూ మధ్య ఉన్న చెక్క కంచె మొత్తం పడిపోయింది. ఆ ఇంట్లో అంతకు ముందు నెలే ఎవరో దిగారు. పొద్దున్నే చూస్తే పడిన చెక్కలకు అటువైపు ఒక పొడుగాటి పెద్దావిడ, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టుతో, కప్పు పట్టుకుని నిలబడి ఉంది. రష్యా నుంచి వచ్చానని, కొడుకు దగ్గర ఉంటున్నానని చెప్పింది. రష్యా అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

కంచె వేసే అతనికి మా ఆయన వారం పాటు ఫోన్ చేశారు. ఊరంతా కంచెలు పడ్డాయి, ఇంకో మూడు వారాలు పడుతుందన్నాడు. పక్కింటావిడ ఒక్కసారి ఫోన్ చేసింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. గొంతు బాగా తగ్గించి, మాటకూ మాటకూ మధ్య ఆగి, మా అబ్బాయికి ఆలస్యం నచ్చదు అని మాత్రం అని పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే ట్రక్కు మా ఇళ్ళ ముందు ఉంది. కొత్త చెక్కలకు మేకులు కొడుతున్నంతసేపూ నేను కిటికీ వదల్లేదు. ఇన్నాళ్ళూ టీవీలో చూసింది మా పక్కింట్లోకే దిగిందని మహా సంబరపడిపోయాను.

ఇక నా కళ్ళకు అన్నీ కనపడటం మొదలైంది. కొడుకుది పెద్ద నల్ల కారు. ఆదివారం ఉదయం నలుగురు దిట్టమైన మగవాళ్ళు వచ్చి, భుజాలకు పొడుగాటి సంచులు తగిలించుకుని అతనితో వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం తిరిగొచ్చేవాళ్ళు. ఇద్దరు కలిసి మోస్తే గానీ కదలని ఐస్ బాక్స్ ఒకటి ఇంటి వెనక సందులోంచి గరాజ్‌లోకి పోయేది. తలుపు సగం దించేవాళ్ళు. కాసేపటికి లోపల కడిగిన నీళ్ళు సందులోకి పారేవి. ఆ నీళ్ళు ఎర్రగా ఉండటం నేను నా కళ్ళతో చూశాను. మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

ఆయన ముక్కు ఎగబీల్చి, "చేపలే. వాలుగలయ్యుంటాయి" అన్నారు.

"మీకు ప్రపంచమంతా చేపలే అగపడతాయి" అన్నాను.

కొడుకు పిల్లల పళ్ళ డాక్టరని కూడా ఆయన చెప్పారు. సినిమాల్లో వాళ్ళకు క్లినిక్కులు కూడా ఉంటాయని నేను చెప్పాను. మా వైపు చేప తినడం తక్కువ, నాకు ఆ వాసన సరిగా తెలియదు. తెలియదని ఒప్పుకునే స్వభావం అంతకంటే తక్కువ.

ఆవిడ రోజూ పొద్దున ఏడింటికి నడకకు బయల్దేరేది. నేనూ తోడు వెళ్ళడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే నిఘా వెయ్యడానికి వెళ్ళాను. మేము మాట్లాడుకునేది ఇద్దరికీ పరాయిదైన ఇంగ్లీషులో. కానీ ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే వినిపిస్తాయి. ముప్పై ఏళ్ళకు పైగా జాగ్రఫీ టీచరుగా పనిచేసిందట. దారిలో ప్రతి చెట్టు దగ్గరా ఆగేది. ఓక్ చెట్ల ఆకులు అరచేతిలో పెట్టుకుని తేడా చూపించేది. నేను ఆకులు చూస్తూ, కొడుకు ఏ దారిన వెళ్ళాడో కనిపెడుతుండేదాన్ని.

పది రోజులు గడిచాక, మీది ఏ ఊరని అడిగింది. తెలియదనుకుని, దక్షిణాన కడప అని ఒక జిల్లా ఉందన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, పెన్నా నది అక్కడే కదా అన్నది. నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. పెన్నాలో ఏ నెలలో నీళ్ళు వస్తాయి, మిగతా నెలల్లో ఇసుకలో ఏం పండిస్తారు అని అడిగింది. అక్కడి నల్ల బండలు ఇళ్ళల్లో పరుస్తారని చదివాను, వేసవిలో అవి చల్లగా ఉంటాయా అని అడిగింది. పుట్టి ఇన్నేళ్ళకు నన్ను ఎవరైనా మా ఊరి గురించి అలా అడగడం అదే మొదటిసారి. ఏటి ఇసుకలో కాసే కర్బూజాల గురించి చెప్పాను. మధ్యాహ్నం పూట అమ్మ తడిపిన బండల మీద మేము చెంప ఆనించి పడుకోవడం గురించి చెప్పాను. రెండు మైళ్ళు నడవాల్సింది నాలుగు నడిచాం. ఇంటికొచ్చి స్టవ్ ముందు నిలబడి, పాలు పొంగిపోతున్నా నాలో నేను నవ్వుకుంటూ ఉన్నాను.

అప్పటి నుంచి ఏడు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. నాకు స్నేహితురాలు దొరికింది. మెసేజ్ పెట్టకుండా, కారు తియ్యకుండా, గోడ పక్కనే దొరికింది. ఆ సంతోషం ఎంతో మా అమ్మాయికి ఫోన్‌లో చెబితే, మమ్మీ, యూ సౌండ్ సో హ్యాపీ అన్నది.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? మే నెలాఖర్లో ఒక శుక్రవారం ఆవిడను మా ఇంటికి పిలిచాను. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేశాను. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా మూడు బజ్జీలు తిన్నది. తర్వాత సోఫాలో కూర్చోబెట్టి, నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది, ఆ భోజనాల సినిమా పెట్టాను. ఆవిడ దేశం వాళ్ళను ఆవిడకు చూపిస్తున్నానని గర్వంగా కూడా ఉంది. ఎక్కడ నవ్వాలో ముందే చెబుతూ, చెప్పిన చోటల్లా నేనే నవ్వుతూ ఉన్నాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర వైపు కాక నా వైపు చూస్తోందని ఆలస్యంగా గమనించాను. సిగ్గుపడుతోందనుకున్నాను. రిమోట్‌తో సినిమా ఆపి, కాస్త దగ్గరకు జరిగి, గొంతు తగ్గించి అడిగాను.

"మన మధ్య దాపరికం ఎందుకండీ. ఆదివారం మీ అబ్బాయి ఆ బాక్స్‌లో తెచ్చేదేమిటి?"

వంటింట్లో మా ఆయన దగ్గారు.

"చేపలు" అన్నది ఆవిడ. లేచి, తన ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టి, భోజనం చాలా బాగుందని చెప్పి, వెళ్ళిపోయింది. మా ఆయన నేను చెప్పలేదా అని కూడా అనలేదు. అని ఉంటే ఆయన మీద అరిచి కాస్త తేలికపడేదాన్ని.

మర్నాడు ఏడింటికి బయట నిలబడ్డాను. రాలేదు. ఆ మర్నాడూ అంతే. సోమవారం ఆవిడ నాకంటే ముందే వెళ్ళి, ఎదురుగా పేవ్‌మెంట్ మీద తిరిగి వస్తూ కనిపించింది. తల ఊపింది, ఆగలేదు. ఎనిమిది రోజులు అలా గడిచాయి. నాకు తిండి సయించలేదు. హాస్టల్లో నా మంచం చుట్టూ చేరి బాంబుల గురించి అడిగిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళకు పదిహేడేళ్ళు. నాకు యాభై ఎనిమిది. వాళ్ళను నలభై ఏళ్ళుగా క్షమించలేదు నేను.

అయితే నా బుర్ర అక్కడితో ఆగలేదు. మామూలు మాటకు మనిషి అంతగా బాధపడుతుందా, దీని వెనక ఏదో ఘోరం ఉండే ఉంటుందనుకున్నాను. భర్త పోయారని ఆవిడ నడకలో ఒకసారి అన్నది. ఆయనకు నా ఊహలో ఒక చిన్న కొట్టు పెట్టాను. అక్కడికి గూండాలను పంపాను. ఆయన వాళ్ళను ఎదిరించాడు. చూసిన సినిమాలన్నీ కలిపి, నవ్వు తీసేసి, కథ మొత్తం అల్లుకున్నాను. తొమ్మిదో రోజుకు నేను ఆ చనిపోయిన మనిషి కోసం నిజంగా ఏడ్చాను కూడా. నేతి సున్నుండలు చేసి, డబ్బాలో సర్ది, వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టాను.

ఆవిడ లోపలికి రమ్మన్నది. వంటింట్లో టీకి నీళ్ళు పెట్టి ఉన్నాయి. నేను పరామర్శకు వెళ్ళిన గొంతుతో, ఆ మనుషుల వల్ల మీ ఇంట్లో ఏం జరిగిందో నేను అడగను, తెలియక ఆ సినిమా పెట్టాను, క్షమించండి అన్నాను.

ఏ మనుషులు అని అడిగింది. గ్యాంగ్‌స్టర్లు, మీవారిని, అంటూ నేను మధ్యలో ఆగాను.

ఆవిడ నా చేతిలోంచి డబ్బా తీసుకుని బల్ల మీద పెట్టింది.

"మావారు కిడ్నీ జబ్బుతో పోయారు. ఆఫీసులో మ్యాపులు గీసేవారు. డెబ్బై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క గ్యాంగ్‌స్టర్‌ని కూడా చూడలేదు. పోయిన వారం నేను బందిపోటు తల్లిని. ఈ వారం బందిపోట్లు చంపినవాడి భార్యని. మామూలు మనిషిగా ఉండడానికి మీరు నాకు చోటివ్వరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మరి కంచె అతనికి చేసిన ఫోన్ సంగతేమిటని గొణిగాను. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. షాపుల్లో తన యాస విని అందరూ చిన్నపిల్లకు చెప్పినట్టు గట్టిగా, నెమ్మదిగా మాట్లాడతారట. ఆ యాసకు ఒక్కసారైనా పని చెబుదామనిపించి అలా అన్నానని ఒప్పుకుంది.

అప్పుడు నేను బకెట్ అసలు సంగతి చెప్పాను. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా. పరీక్ష పొద్దున, వరండా, నీళ్ళతో తిరిగొచ్చిన బకెట్, అత్తగారు, మీసం, అన్నీ చెప్పాను. నలభైమంది మనుషులు ఎప్పుడూ లేరని, ఉంటే గింటే డ్రిల్లు పీరియడ్‌లో నలభైమంది పిల్లలు ఉండేవాళ్ళని చెప్పాను.

ఆవిడ స్టవ్ కట్టేసి, ఒక్క బాంబు కూడా లేదా అని అడిగింది. దీపావళి టపాకాయలకే మా మామ చెవులు మూసుకుని ఇంట్లోకి పోతాడన్నాను. ఆవిడ బల్ల పట్టుకుని నవ్వింది. అంత పొడుగు మనిషి వంగిపోయి నవ్వుతుంటే నాకు ఊపిరి తిరిగొచ్చింది.

కళ్ళు తుడుచుకుని, మరి మీ ఆయన మా అబ్బాయితో నలభైమంది అన్నారే అన్నది.

ఎప్పుడన్నారని అడిగాను. కంచె పడిన రోజేనట. మగవాళ్ళిద్దరూ చెక్కలు ఏరుతుంటే, మా ఆవిడ జోలికి మాత్రం వెళ్ళకండి అని పార్టీల్లో చెప్పే కథంతా చెప్పారట. కొడుకు అది విని, నాతో నడకకు వెళ్ళొద్దని తల్లికి నచ్చజెప్పబోయాడట.

నేను లెక్క వేసుకున్నాను. ఈవిడ రెండు నెలలు రోజూ పొద్దున నా పక్కన నడిచింది, మా ఇంట్లో బాంబులున్నాయని నమ్ముతూనే నడిచింది.

"మరి ఒక్కసారి కూడా నన్ను అడగలేదే?" అన్నాను.

"చెప్పాలనిపిస్తే మీరే చెబుతారనుకున్నాను" అన్నది. "మీ ఊళ్ళో అడగడానికి ఇంకా చాలా ఉన్నాయి కదా."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తెలియనివాళ్ళు, కాస్త తెలిసినవాళ్ళు, భయంతో, సరదాకి, నలభై ఏళ్ళుగా అందరూ అడిగిన ఆ ఒక్క ప్రశ్నను, నిజమని నమ్మి కూడా అడగని మనిషి ఈవిడ ఒక్కతే. ఆవిడ నాకు కప్పులో టీ పోసి, డబ్బాలోంచి ఒక సున్నుండ తీసుకుని కొరికి, రెండోది నా చేతిలో పెట్టింది. నేను ఈ రెండు నెలల్లో వాళ్ళింటి కారు నంబరు తెలుసుకున్నాను. ఆదివారం ఎంతమంది వస్తారో, ఎన్ని గంటలకు వస్తారో, బాక్స్ ఎంత బరువుంటుందో తెలుసుకున్నాను. ఆవిడ పుట్టి పెరిగిన ఊరు ఏదో నాకు తెలియదు.

"మీ ఊరి పేరేమిటండీ?" అని అడిగాను.

చెప్పింది. నాకు నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.